మన ఊరి వాగు బాగుందా, చేప బతికే చోటేనా? మీరే చూసి తేల్చుకోండిలా

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మీ కాలనీ పక్క నుంచి పోయే వాగు ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే, ముందుగా ఒక మాట. పారే నీళ్లను చూసి మోసపోకండి. మనది ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే నేల, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతుంది. అందుకే మన వాగు వానాకాలంలో పారుతుంది, చలికాలంలో సన్నబడుతుంది, ఎండాకాలానికి తెగి అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది. ఆ మడుగుల్లోనే చేపలు, తాబేళ్లు, నీటి పురుగులు మళ్లీ వాన పడేదాకా ప్రాణం నిలుపుకుంటాయి. ఏప్రిల్ నెలలో కూడా వాగు నిండుగా పారుతుందంటే పైన ఎక్కడో కాలువ నీళ్లయినా వదిలి ఉండాలి, లేకపోతే అవి మన ఇళ్ల నుంచి వచ్చే మోరీ నీళ్లే అయి ఉండాలి. కాబట్టి కింద చెప్పే పద్ధతి అంతా మడుగు చుట్టూనే తిరుగుతుంది. ఏడాది పొడుగునా పారే చల్లటి దేశాల ఏర్ల కోసం తయారు చేసిన లెక్కలను తెచ్చి దీని మీద పెడితే, ఎండాకాలంలో ఎండిన మంచి వాగు ఫెయిల్ అవుతుంది, డ్రైనేజీతో పారే చచ్చిన వాగు పాస్ అవుతుంది.

వాగు దారి ముందు ఫోన్‌లోనే చూడండి

దిగేముందు ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి వాగు ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పోతుందో వేలితో జరుపుకుంటూ చూడండి. మన దగ్గర చెరువులన్నీ గొలుసుకట్టుగా ఉండేవి కదా, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది కుంటకు చేరేవి. చాలా పట్టణాల్లో వాగు అంటే ఆ గొలుసులో మిగిలిన ఒక ముక్కే. పైన ఏ కుంట ఉంది, దాని శిఖం భూమిలో, అంటే కుంట నిండితే మునిగే నేలలో, ఇళ్లు లేచాయా, మత్తడి కాలువ తెరిచి ఉందా పూడిపోయిందా చూడండి. ఆ తర్వాత కింది వైపు. నల్లగొండ వైపు కొన్ని వాగులు మూసీలో కలుస్తాయి, కొన్ని నేరుగా కృష్ణ వైపు పోతాయి, ఆ మూసీ కూడా చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది. పాలమూరు వైపు దుందుభి, కోయిల్‌సాగర్ కట్టిన పెద్దవాగు, ఇవన్నీ కృష్ణ బాటే. అంటే మీ వీధి చివర వాగులో వేసిన చికెన్ వ్యర్థం ఎవరో ఒకరి తాగునీటి దారిలోనే ఉంది.

మ్యాప్‌లో మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: ఊరు మొదలుకాకముందు ఒకటి, ఊరి నడుమ ఒకటి, ఊరు దాటాక ఒకటి. ప్రతి చోటా ఒక మడుగు ఉండేలా ఎంచుకోండి. మీ కొలతలన్నీ ఈ మూడింటి మధ్య పోలికే. ఒక్క చోట చూసి వచ్చిన అంకె దేనికీ పనికిరాదు, ఎందుకంటే మన నేలలోనే ఉప్పు ఎక్కువ, కొన్ని చోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. ఊరి పైన ఎంత ఉందో తెలియకుండా ఊరి కింద ఉన్నదాన్ని తప్పు పట్టలేం.

సామాను, జాగ్రత్తలు

పెద్దగా ఏమీ అక్కర్లేదు. సెంటీమీటర్లు గీసిన పొడుగాటి కర్ర, టేపు, థర్మామీటర్, టీ జాలి లేదా దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న వల, తెల్లటి ప్లాస్టిక్ టబ్బు, అక్వేరియం షాపులో దొరికే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), అమ్మోనియా కిట్లు, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను, ఒక నోటు పుస్తకం. కరిగిన ఆక్సిజన్ కొలిచే కిట్ దొరికితే తప్పకుండా తీసుకోండి, మిగతా అన్నిటికన్నా అదే ముఖ్యం.

మోకాళ్ల దాకా గమ్ బూట్లు, చేతులకు గ్లౌజులు లేకుండా ఊరి నడుమ నీళ్లలో దిగొద్దు. సీసా పెంకులు, సిరంజిలు, పాములు, ఎలుకల మూత్రం నుంచి వచ్చే జ్వరాలు, ఇవన్నీ నిజంగా ఉన్న ప్రమాదాలు. కాళ్ల మీద పుండు ఉంటే ఆ రోజు ఒడ్డు మీదే ఉండండి. ఒంటరిగా వెళ్లొద్దు. పైన మబ్బు పట్టి ఉంటే అసలు దిగొద్దు, మీ దగ్గర చినుకు పడకపోయినా పైన వాన పడితే వాగు నిమిషాల్లో వస్తుంది. పిల్లలు సరదాపడితే ఒడ్డున కూర్చుని నోటు పుస్తకం రాయనివ్వండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏడాదిలో కనీసం మూడుసార్లు. వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక నవంబర్ చుట్టూ ఒకసారి, మడుగులు కుంచించుకుపోయిన ఏప్రిల్ చివర్లో ఒకసారి, తొలి వరద వచ్చి పోయిన రెండు మూడు రోజులకు ఒకసారి. ఏప్రిల్ చూపు అన్నిటికన్నా విలువైంది, మడుగు ఆ నెలను దాటించగలిగితే వాగుకు దమ్ము ఉన్నట్టే. వినాయక నిమజ్జనం, బతుకమ్మ అయిపోయిన వారంలో కొలిస్తే ఆ సంగతి పక్కన రాసుకోండి, లేదంటే పండక్కి ముందూ తర్వాతా రెండుసార్లు కొలవండి. నీళ్లలో కుళ్లే పూలు, పత్రి, రంగులు ఏం చేస్తాయో మీకే కనిపిస్తుంది.

రోజులో అయితే తెల్లవారకముందు వెళ్లాలి. కష్టమే, కానీ దీనికి బదులు లేదు. రాత్రంతా నాచు, చేపలు, కుళ్లే చెత్త అన్నీ కలిసి నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, సూర్యుడు వచ్చాకే నాచు మళ్లీ ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడుతుంది. పచ్చగా ఉన్న మడుగులో మధ్యాహ్నం 3 గంటలకు ఆక్సిజన్ పొంగిపొర్లుతూ ఉండొచ్చు, అదే మడుగులో తెల్లారి 5 గంటలకు దాదాపు సున్నా ఉండొచ్చు. మధ్యాహ్నం మాత్రమే కొలిచి బాగుందని రాసిన రిపోర్టును నేను నమ్మను, మీరూ నమ్మకండి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయంటే కిట్ కూడా అక్కర్లేదు, ఊపిరాడడం లేదని అవే చెబుతున్నాయి.

మడుగును కొలవడం

ఒడ్డు నుంచి ఒడ్డుకు టేపు పట్టి వెడల్పు, కర్రతో నాలుగైదు చోట్ల లోతు చూడండి. ఎండాకాలంలో మోకాలి లోతు మడుగు మొత్తం వేడెక్కిపోతుంది, నడుము లోతు దాటిన మడుగులో అడుగున కొంచెం చల్లగా ఉంటుంది, చేప అక్కడికి దిగి దాక్కుంటుంది. వేడికీ ఊపిరికీ నేరుగా లంకె ఉంది: 20 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి, 35 డిగ్రీల దగ్గర 7 కూడా కష్టమే. మన మే నెలలో శుభ్రమైన నీళ్లకే ఇంత తక్కువ ఉంటే, మోరీ కలిసిన నీళ్ల సంగతి ఆలోచించండి.

కర్రను అడుగుకు గుచ్చి చూడండి. ఇసుక, గులకరాళ్లు తగిలితే మంచిది. జానెడు, మూరెడు మెత్తగా దిగిపోయిందంటే పూడిక. కర్ర తీశాక దానికి అంటిన బురద నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగున గాలి లేకుండా మురుగుతోందని అర్థం. ఆ బురదలో చేప గుడ్డు పెడితే అది పిల్ల కాదు. రాళ్లున్న చోట ఒక్కో రాయి పైకి తీసి చూడండి, సగానికి పైగా బురదలో కూరుకుపోయి ఉంటే రాళ్ల సందుల్లో బతికే పురుగులకు ఇల్లు పోయినట్టే, వాటిని తిని బతికే చిన్న చేపలకు తిండి పోయినట్టే.

ఇక ఒడ్డు. కానుగ, తెల్లమద్ది, ఈత లాంటి చెట్ల వేర్లు నీళ్లలోకి దిగి, కొమ్మలు నీడ పడుతూ ఉంటే దానికి ఎక్కువ మార్కులు వేయండి. తుంగ, జమ్ము కొంత మేర ఉండటం మంచిదే, కొర్రమీనులాంటివి గడ్డి మధ్యనే గూడు చేసుకుంటాయి. లొట్టపీసు, సర్కారు తుమ్మ ఒడ్డంతా కమ్మేస్తే, గుర్రపుడెక్క నీళ్ల మీద చాప పరిచినట్టు కప్పేస్తే అది వేరే కథ. గుర్రపుడెక్క కింద వెలుతురు పోదు, గాలి తగలదు, అది చచ్చి అడుగుకు చేరితే ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా ఖర్చయిపోతుంది. మడుగులో ఎంత భాగం కప్పేసిందో కంటితో అంచనా వేసి పావు, సగం, ముప్పావు అని రాసుకుంటే చాలు.

రెండు వైపులా సిమెంటు గోడ, కింద సిమెంటు బెడ్ వేసిన చోట ఈ కొలతలేవీ చేయాల్సిన పని లేదు. అక్కడ మడుగు లేదు, వేరు లేదు, సందు లేదు. సుందరీకరణ పేరుతో చేసే ఈ పని వాగుకు చాలా పెద్ద దెబ్బ, మురుగునైనా మళ్లించొచ్చు గానీ సిమెంటును పగలగొట్టమని ఎవరిని ఒప్పించగలం?

పారకం

నీళ్లు కదులుతూ ఉంటే ఎంత పారుతుందో లెక్క వేయండి. 10 మీటర్ల దూరం కొలిచి పై చివర ఒక నారింజ తొక్క వేసి, కింది చివరకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 25 సెకన్లు పడితే పైపై వేగం సెకనుకు 0.4 మీటర్లు, అడుగున నెమ్మదిగా పోతుంది కాబట్టి దాన్ని 0.85తో గుణించండి, 0.34 వస్తుంది. వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 20 సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 136 లీటర్లు. ఇదే లెక్క ఊరి పైన, ఊరి కింద వేయండి. ఎండాకాలంలో పైన సున్నా ఉండి కింద వంద లీటర్లు పారుతుంటే, కాలువ నీళ్లు కలవకపోతే, ఆ వంద లీటర్లూ మన ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చినవే. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ ఒక్క అంకె పది ఫొటోల పని చేస్తుంది.

నీటి పరీక్షలు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను వాడుకను బట్టి ఏ నుంచి ఈ వరకు తరగతులు చేసింది. చేపలకు, వన్యప్రాణులకు సంబంధించింది డీ తరగతి: కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది కనీస గీత మాత్రమే. నా వరకు తెల్లవారుజామున ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములు దాటితేనే మడుగు నిశ్చింతగా ఉందంటాను.

అమ్మోనియా కొలిచేటప్పుడు పీహెచ్, వేడి పక్కనే రాసుకోవాలి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా, చేపను చంపేది అందులో కొంత భాగమే, పైన చెప్పిన స్వేచ్ఛా అమ్మోనియా అదే. పీహెచ్ 7 దగ్గర ఆ విషభాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు, పీహెచ్ 9 దగ్గర మూడో వంతు దాటిపోతుంది. పచ్చని నాచు నీళ్లలో మధ్యాహ్నం పీహెచ్ పైకి ఎగబాకుతుంది, అంటే పొద్దున ప్రమాదం లేని అమ్మోనియా మధ్యాహ్నానికి విషం అవుతుంది. అందుకే ఆక్సిజన్‌కు తెల్లవారుజాము, అమ్మోనియాకు మధ్యాహ్నం.

టీడీఎస్ పెన్ను చూపించే అంకెను అంకెగా పట్టించుకోకండి, మూడు చోట్ల మధ్య తేడా చూడండి. పైన 500 ఉండి వంతెన దాటగానే 900 అయితే ఆ మధ్యలో ఏదో కలుస్తోంది, నడుచుకుంటూ వెనక్కి పోతే ఆ పైపు దొరుకుతుంది. ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు, టీడీఎస్ పెన్ను ఫ్లోరైడ్‌ను చెప్పలేదు. మర్రిగూడ, చండూరు వైపు వాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే పరీక్ష, ఇంట్లో అయ్యే పని కాదు. దగ్గర్లో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ, జువాలజీ లెక్చరర్లను అడిగి చూడండి, విద్యార్థులకు ప్రాజెక్టు అవుతుంది, మీకు కొలత వస్తుంది. సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ఇవ్వాలి. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చూస్తారు.

పురుగులు చెప్పే సాక్ష్యం

నీటి పరీక్ష ఆ నిమిషం సంగతి చెబుతుంది. రాత్రి ఎవరైనా ట్యాంకర్ తెచ్చి వదిలిపోతే పొద్దునకు నీళ్లు కొట్టుకుపోతాయి, కానీ పురుగులు ఎక్కడికీ పోలేవు, అవి వారాల తరబడి అక్కడే ఉండి అన్నీ భరించినవి. రాళ్ల మధ్య పారే చోట వలను కింది వైపు ఆనించి, పై వైపు రాళ్లను కాలితో కదపండి, 3 నిమిషాలు. వలలో పడినదాన్ని తెల్ల టబ్బులో కొంచెం నీళ్లు పోసి కుమ్మరించి కాసేపు కదలకుండా చూడండి.

మూడు తోకలతో, పొట్ట పక్కన ఈకల్లాంటి మొప్పలతో చదునుగా ఉండే పురుగు పిల్లలు, ఇసుక రేణువులతో గొట్టంలాంటి గూడు కట్టుకుని పాకే పురుగులు కనిపిస్తే సంతోషించండి, అవి మురికిని తట్టుకోలేవు. తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు, నీళ్ల మీద నడిచే పురుగులు ఉంటే మధ్యస్థం. ఎర్రటి దారపు పోగుల్లాంటి పురుగులు, బురదలో తల పెట్టి తోక ఊపే సన్నటి వానపాములు, పొడుగాటి గొట్టం తోకతో ఉండే తెల్ల పురుగులు మాత్రమే ఉంటే నీళ్లలో ఊపిరి లేనట్టే. ఆ ఎర్ర పురుగు ఎర్రగా ఉండటానికి కారణం హిమోగ్లోబిన్, తక్కువ ఆక్సిజన్‌లో కూడా బతకడానికి దానికి ఆ ఏర్పాటు ఉంది. ఎన్ని ఉన్నాయన్నదానికన్నా ఎన్ని రకాలు ఉన్నాయన్నది ముఖ్యం. చూశాక అన్నిటినీ తిరిగి అక్కడే వదిలేయండి.

చేపలు: ఉన్నాయా అని కాదు, ఏవి ఉన్నాయని అడగండి

"వాగులో చేపలు ఉన్నాయి సార్, ఇంకేం కావాలి" అనే మాట మీటింగుల్లో తరచూ వినిపిస్తుంది. కొర్రమీను, మట్టగిడస, మార్పు చేపలు గాలిని నేరుగా పీల్చుకోగలవు, ఆక్సిజన్ లేని నీళ్లలో కూడా పైకి వచ్చి గుటకేసి బతికేస్తాయి. జిలేబీ చేప మోరీలో కూడా పెరుగుతుంది. దోమల కోసం వదిలిన గంబూసియా సంగతీ అంతే. దేశంలో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే చికెన్ వ్యర్థాలు తిని బలుస్తుంది, మిగతా చేపల పిల్లల్నీ తినేస్తుంది. ఇవి మాత్రమే కనిపించే వాగు జబ్బుతో ఉన్న వాగు.

మరి ఏం చూడాలి? పరకలు గుంపులుగా తిరుగుతున్నాయా, రకరకాల చిన్న చేపలు ఉన్నాయా, ఇసుక అడుగున దాక్కునే బొమ్మిడాయి ఉందా, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ ఏడాది పుట్టిన పిల్లలు ఉన్నాయా. పెద్ద చేపలు పై చెరువు మత్తడి దుంకినప్పుడు కొట్టుకొచ్చి ఉండొచ్చు, చెరువుల్లో వదిలే ఉచిత చేపపిల్లలు కూడా అలా రావొచ్చు, కాబట్టి పెద్ద బొచ్చె కనిపిస్తే వాగు గొప్పతనం అనుకోవద్దు. పిల్లలు ఉంటేనే అక్కడ గుడ్డు పెట్టాయి, గుడ్డు పిల్లయింది, పిల్ల తిని బతికింది అని రుజువు. మన రాష్ట్ర చేప కొర్రమీనుదైతే చూడటం తేలిక: ఎర్రటి, నారింజ రంగు పిల్లలు ఒక ముద్దగా నీటి పైపై కదులుతుంటాయి, కింద తల్లో తండ్రో కాపలా తిరుగుతుంటుంది. ఆ గుంపు దొరికితే తేదీ, చోటు రాసుకుని మెల్లగా వెనక్కి వచ్చేయండి. కాపలా చేపను పట్టేస్తే ఆ పిల్లలన్నీ పోతాయి.

చేపల్ని చూడటానికి వల వేయాల్సిన పని లేదు. పొద్దున 8, 9 గంటల మధ్య ఎండ పక్క నుంచి పడేలా నిలబడి, నీడ నీళ్ల మీద పడకుండా, కదలకుండా పావుగంట ఉండండి. గుప్పెడు మురమురాలు చల్లితే చిన్నవన్నీ పైకొస్తాయి. పిట్టల్ని కూడా గమనించండి. తెల్ల కొంగలు మోరీ పురుగుల కోసం కూడా వస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి నీళ్లలోకి దూకుతుంటే మాత్రం అక్కడ చిన్న చేపలు ఉన్నాయి, నీళ్లు దానికి కనిపించేంత తేటగా కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా మంచి సమాచారం మాత్రం వల పట్టిన చేతుల దగ్గరే ఉంటుంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల పెద్దవాళ్లను, మత్స్యకార సహకార సంఘం వాళ్లను వెతికి పట్టుకోండి. ఫారం నింపించినట్టు ప్రశ్నలు వేయకుండా, "పెద్దయ్యా, మీ చిన్నప్పుడు ఈ మడుగు ఎండేదా? ఏ చేప ముందు కనపడకుండా పోయింది? ఎప్పటి నుంచి?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వల వేసి చూపించమని కోరాలన్నా వాళ్లనే అడగాలి, ఆ నీళ్ల మీద హక్కు చాలాచోట్ల వాళ్ల సంఘానిదే. పట్టిన చేపల ఒంటి మీద పుండ్లు, తెగిన రెక్కలు, వంకర వెన్ను ఉన్నాయేమో చూసి వదిలేయించండి. ఊరి నడుమ మురుగులో పట్టినవి తినొద్దు. కరెంటు పెట్టిగానీ మందు పోసిగానీ పట్టేవాళ్లు కనిపిస్తే వెంటనే చెప్పండి, చేపల్ని పేలుడుతో, విషంతో చంపడం 1897 నాటి ఫిషరీస్ చట్టం నుంచీ నేరమే.

చేప ఎదురెక్కే దారి

మృగశిర దాటి తొలి వరద రాగానే చేపలు ఎదురెక్కుతాయి. కింది చెరువు నుంచి వాగులోకి, వాగు నుంచి పై కుంటల పచ్చిక నీళ్లలోకి, గుడ్లు పెట్టడానికి. వాగు పొడవునా నడుస్తూ ప్రతి కల్వర్టు, చెక్‌డ్యామ్, పైపు దగ్గర ఆగండి. కల్వర్టు చివర నుంచి నీళ్లు ఎంత ఎత్తు నుంచి కింద పడుతున్నాయో కొలవండి. మూరెడు ఎత్తు నుంచి పలచగా సిమెంటు మీద పడుతుంటే పరక ఎక్కలేదు, కింద దూకడానికి లోతైన గుంట కూడా లేకపోతే పెద్ద చేపకూ కష్టమే. పైన ఎంత మంచి మడుగు ఉన్నా ఇక్కడ దారి తెగితే అక్కడికి కొత్త చేప చేరదు. కొన్ని చోట్ల పెద్ద రాళ్లు మెట్లుగా పేర్చితే సరిపోతుంది, ఇది లక్షల పని కాదు, కానీ మున్సిపల్ ఇంజినీరుకు చెబితే గానీ తట్టదు, ఎందుకంటే కల్వర్టు కట్టేటప్పుడు చేప గురించి ఎవరూ అడగరు.

రాసి పెట్టి, అడగండి

మూడు చోట్లకూ ఒక్కో పేజీ. తేదీ, సమయం, అంతకుముందు వారంలో వాన, మడుగు లోతు, నీడ, అడుగు, ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా, పురుగుల రకాలు, చేపల రకాలు, పిల్లలు ఉన్నాయా లేవా. ప్రతిసారి ఒకే రాయి మీద నిలబడి ఒకే వైపు ఫొటో తీయండి. అన్నిటినీ కలిపి నూటికి ఇన్ని మార్కులు అని ఒక్క అంకెగా మార్చకండి, ఏది పాడైందో ఆ అంకెలో దాగిపోతుంది. పురుగులు బాగుండి చేపలు లేకపోతే దారి తెగిందేమో చూడాలి. మడుగు లోతుగా, నీడగా ఉండి ఎర్ర పురుగులే ఉంటే సమస్య నీళ్లలో ఉంది. నీళ్లు మంచివే అయి మడుగులే లేకపోతే ఇసుక తవ్వకమో, పూడికో, సిమెంటో కారణం. ఒక్కోదానికి అడగాల్సిన ఆఫీసు కూడా వేరు.

మోరీ పైపులకు మున్సిపాలిటీ, ఫ్యాక్టరీ నీళ్లకు కాలుష్య నియంత్రణ మండలి, మత్తడి కాలువ పూడికకు ఇరిగేషన్, ఇసుకకు రెవెన్యూ, మైనింగ్. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. "వాగును కాపాడండి" అని రాస్తే ఆ కాగితం ఎటూ కదలదు. ఫలానా వంతెనకు ఇన్ని మీటర్ల కింద, ఎడమ ఒడ్డున, ఇంత సైజు పైపు, ఈ తేదీన తెల్లారి ఇన్ని గంటలకు ఆక్సిజన్ పైన ఇంత, కింద ఇంత, ఫొటో జతచేశాం, ఈ పైపును డ్రైనేజీ లైనుకు కలపండి అని రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే అదే రసీదు నంబరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తీసుకున్న చర్య కాపీ అడగండి.